గడువు తీరిన కారు కూడా అమానతే

ముదిగొండ పరిసరాల్లో కౌలు సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదు. పంట ఇంటికి చేరాక కౌలుదారు గట్లు చెడకుండా, మోటారు పాడవకుండా పొలాన్ని ఆసామికి ఒప్పజెప్పాలి. పోతూ పోతూ చెట్టు కొట్టుకుపోతే ఊరు ఊరుకోదు. ఇప్పుడు మన పిల్లలు ఖమ్మంలోనో, హైదరాబాదులోనో కారును లీజుకు తీసుకుని, దాన్ని నడిపి ఇల్లు గడుపుకొంటున్నారు. నెలకు ఎంత కట్టాలో అడుగుతారు గాని, గడువు తీరిన రోజున ఏం జరుగుతుందో అడిగేవారు తక్కువ. తగవులు మొదలయ్యేది ఆ రోజునే.

ఆ రోజున యజమాని మనిషి వచ్చి బండిని చుట్టూ చూస్తాడు. టైర్లు, అద్దాలు, సీట్లు, సొట్టలు, తిరిగిన కిలోమీటర్లు లెక్కకు వస్తాయి. ఒప్పందంలోని హద్దు దాటి తిరిగితే అదనపు సొమ్ము అడుగుతాడు. కట్టని చలానాలు, పోయిన రెండో తాళం, తీరిపోయిన ఇన్సూరెన్సు కూడా బయటపడతాయి. అవన్నీ పోగా మిగిలిన డిపాజిట్టే మన చేతికి వస్తుంది.

దివ్య ఖుర్ఆన్ 'నిసా' సూరా 58వ ఆయతులో అల్లాహ్ అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని ఆజ్ఞాపించాడు. హునైన్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (స) అప్పటికి ఇస్లాం స్వీకరించని సఫ్వాన్ బిన్ ఉమయ్య వద్ద కవచాలు ఎరువు తీసుకున్నారు, తిరిగి ఇచ్చే పూచీ తమదేనన్నారు. యుద్ధంలో కొన్ని పోయాయి. వాటికి పరిహారం ఇస్తామని ఆయనే ముందుగా చెప్పారు. సొమ్ము పరమతస్థునిదైనా అమానతు అమానతే!

అయితే ధర్మం ఒకవైపే మొగ్గదు. అద్దెకు తీసుకున్నవాని చేతిలో వస్తువు అమానతుగా ఉంటుందని ఫిఖహ్ పండితులు అంటారు. సక్రమంగా వాడితే కలిగే అరుగుదలకు అతడు బాధ్యుడు కాడు. యజమాని పుచ్చుకున్న అద్దె ఆ వాడకానికే. కనుక మామూలు అరుగుదలను చూపి పేదవాని డిపాజిట్టు మింగడం అన్యాయం. నిర్లక్ష్యంతో గుద్దిన సొట్టను దాచడం, మీటరు వెనక్కి తిప్పడం మోసం. గడువు ముగిశాక యజమాని అడిగినా బండి ఇవ్వకుండా అట్టిపెట్టుకుంటే, ఆ తర్వాతి నష్టానికి మనమే జవాబుదారులం.

కొన్ని లీజుల్లో చివరకు కారు మనదే అవుతుంది. అద్దె, అమ్మకం ఒకే వస్తువుపై ఒకే సమయంలో ఒకే ఒప్పందంగా కలిసిపోరాదని 2000 సెప్టెంబరులో రియాద్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ తీర్మానించింది. అలాంటి కాగితంపై సంతకం చేసే ముందు ఆలిమ్‌ను అడగడం మంచిది. చట్టం పని కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో లీజు నమోదై ఉంటే, చివరి వాయిదా కట్టినంత మాత్రాన అది చెరిగిపోదు. ఇరుపక్షాల సంతకాలతో ఫారం 35 రవాణా కార్యాలయానికి చేరాలి. అది జరగకపోతే రేపు అమ్మబోయినప్పుడు చిక్కు వస్తుంది.

హజ్రత్ మూసా (అలై) మద్యన్‌లో కొలువుకు కుదిరినప్పుడు ఎనిమిదేళ్ళ గడువు, ఇష్టపూర్వకంగా మరో రెండేళ్ళు అని మొదటే మాట అయింది. 'బఖరా' సూరా 282వ ఆయతు గడువుగల అప్పును రాసుకోమంటోంది. సోదరులారా! ఆ దారిలోనే మనమూ కారు తీసుకునే రోజునే గీతలు, సొట్టలు ఫోటో తీసి, కిలోమీటర్ల హద్దు, డిపాజిట్టు తిరిగిచ్చే తేదీ కాగితంపై రాయించుకుందాం. ఇచ్చే రోజున బండి అప్పగించినట్టు రసీదు తీసుకుందాం.

ఈ కారును ఒకనాడు తిరిగి ఇచ్చేయాలని మనకు తెలుసు. అల్లాహ్ మనకిచ్చిన ఆయుష్షు కూడా అలాంటిదే. రెండు లెక్కల్లోనూ మనల్ని నిజాయితీపరులుగా నిలపమని ఆయనను వేడుకుందాం. ఆమీన్.