మీటల వాద్యము - మా యింటి తొలి పాట



ముప్పదియైదేండ్లు బడిలో పద్యములు చెప్పిన నేను ఈ వయస్సున విద్యుద్వాద్యమును గూర్చి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. గడచిన దసరాకు మా కుమారుడు సింథసైజరు అను మీటల వాద్యము నొకదానిని తెచ్చి నా ముందుంచెను. దానిని దగ్గరనుంచుకొని మా అక్కయ్య పాట నొకదానిని రికార్డు చేసితిమి. ఆ పనిలో నేను చేసిన పొరపాటును, నేర్చిన పాఠమును మీకు విన్నవించెదను.

చూచుటకిది హార్మోనియమునకు తమ్మునివలె నుండును. తెల్లమీటలు 36, నల్లమీటలు 25, వెరసి 61. భేదమంతయు లోపల నున్నది. హార్మోనియములో తిత్తినుండి వచ్చు గాలి లోహపు రీడులను కదల్చి నాదమును పుట్టించును. ఇందు తిత్తి లేదు, గాలి లేదు. మీట నొక్కగనే విద్యుత్తు అలలవలె ఊగును. ఆ ఊగు స్పీకరులోని పొరను కదల్చగా మనకు నాదము వినబడును. అలల ఆకారమును మార్చినచో ఒకే మీట వేణువువలెను పలుకును, వీణవలెను పలుకును. ఇట్టి యంత్రమును రూపొందించినవారిలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడగు రాబర్ట్ మోగ్. అది 1964 నాటి మాట. నేటి పెట్టెలలో పెక్కింటియందు నిజమైన వాద్యముల నాదములనే అంకెలుగా మార్చి నిలువచేయుచున్నారు.

మీటల వాద్యమనిన మన పెద్దలకు అనుమానము మొదటినుండియు కలదు. అఖిల భారత రేడియో 1940లో హార్మోనియమును తన ప్రసారములనుండి తొలగించెను. 1971లో గాని ఆ నిషేధము సడలలేదు. విజ్ఞులు చూపిన దోషములు రెండు. మీట ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారలేదు గనుక గమకము పలుకదు, ఇది మొదటిది. స్థాయిని 12 సమభాగములు చేసి మీటలను శ్రుతిచేయుదురు, ఇది రెండవది. షడ్జము సెకనుకు 240 కంపనములనుకొందము. తంబురాలో తనంతట వినవచ్చు అంతర గాంధారము 300 కంపనములు. మీటపై గాంధారము 302కు మించును. ఈ స్వల్పభేదమే శిక్షణ గల చెవికి ములుకువలె తగులును. కొత్త వాద్యములలో స్వరమును జార్చుటకు ప్రక్కన చిన్న చక్రము నమర్చిరి. అది కొంత మేలే కాని, గొంతులోని గమకమునకు సాటిరాదు.

ఇక మా పాట సంగతి. మా అక్కయ్యకు 81 ఏండ్లు. అక్షరములు రావు, మా అమ్మవలన నేర్చిన జోలపాటలు కంఠస్థములు. మొత్తము 14 పాటలని ఆమె లెక్క. నేడు పూర్తిగా జ్ఞప్తియందున్నవి 9 మాత్రమే. తక్కినవి ఎచటను వ్రాయబడలేదు; పోయినవి పోయినట్లే. వేయి పద్యములు వల్లించిన నేను మా అమ్మ పాట నొక్కటియు వ్రాసికొననైతిని. ఈ చింతయే నన్ను ఆ పెట్టెముందు కూర్చుండబెట్టినది.

మొదటి దినమున ఉత్సాహము కొలది వాద్యములోని తాళమును నడిపించి, అక్కయ్య పాడుచుండగా నేనును మీటలపై స్వరములు వాయించితిని. రెండు చరణములు గడచునప్పటికి ఆమె ఆగిపోయి, “ఒరే తమ్ముడూ, నేనాగినా ఇది ఆగదేమిరా? బిడ్డ నిద్రపోవద్దూ?” అనెను. నాకు సిగ్గు కలిగినది. జోలపాటకు ఉయ్యాల ఊపే తాళము. బిడ్డ కన్ను మూసినకొలది ఊపు మందగించును, పాటయు మందగించును. ఆ సంగతి యంత్రమునకు తెలియదు. తెలిసియుండవలసిన నేను మరచితిని.

మరునాడు తాళము నాపివేసితిని. ఆమె గొంతునకు తగిన షడ్జమును వెదకి, షడ్జ పంచమములు మాత్రమే మెల్లగా మ్రోగునట్లు ఉంచితిని. గాంధారమును ఆమె గొంతునకే విడిచితిని. కిటికీ మూసి, పంకా ఆపి, సెల్‌ఫోనును మూరెడు దూరమున పెట్టి రికార్డు చేసితిమి. పాట ఆద్యంతము చక్కగా వచ్చినది.

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని గ్రామఫోనుకై పాడి, పాట ముగియగానే తన పేరు తానే చెప్పెను. దూరదేశమున రికార్డులను అచ్చువేయువారు పాడినదెవరో పోల్చుకొనుటకై ఆ యేర్పాటు. అది తలచుకొని అక్కయ్యను పేరు చెప్పుమంటిని. “నా పేరెందుకు? పాట అమ్మది గదా!” అని ఆమె మా అమ్మ పేరు చెప్పి ఊరకుండెను. ఆ మాటయు పాటతోపాటు నిలిచినది.

కావున పెద్దలకు నా విన్నపమిది. మీ యిండ్లలో పాడువారున్నచో నేడే కూర్చుండబెట్టి పాడించుడు. వాద్యము లేకున్నను కొరత లేదు. ఉన్నచో దానిని శ్రుతికి మాత్రమే పిలువుడు. పాట చివర పేరు, ఊరు, తేది చెప్పించుడు. ప్రతిని రెండు చోట్ల దాచుడు. మీటలు రేపైనను కొనవచ్చును. ఆ గొంతులు రేపటికి ఉండునని ఎవరు చెప్పగలరు?

మా అక్కయ్య పాటలు ఇంకను 8 మిగిలియున్నవి. వచ్చు వారము రెండవది.