ఫ్యాక్టరీని చూసి రావడమూ ఒక యాత్రే!

ఎంకపల్లి (మొయినాబాద్): సెలవు దొరికితే మన ఊళ్ల వారు ఎక్కడికి వెళ్తారు? చిలుకూరు బాలాజీ దర్శనం, గండిపేట కట్ట, హైదరాబాదులో జూపార్కు, జనవరి వస్తే నాంపల్లి నుమాయిష్. అంతటితో సరి. “పదండి, ఒక ఫ్యాక్టరీ చూసి వద్దాం” అని సద్ది కట్టుకుని బయలుదేరిన వారు అరుదు. మన ఇంటి నుంచి రోజూ బయటకు పోయే సరుకు ఎక్కడికి పోతున్నదో, ఏ రూపంలో తిరిగి మన ఊరి దుకాణానికి వస్తున్నదో కళ్లారా చూసి రావడం మంచి విహారయాత్ర కాదా? పిల్లలకు అది పాఠం. పెద్దలకు అది లాభనష్టాల లెక్క.

మన దగ్గర ఎందుకు లేవు?

మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతాలకు పాడి, కూరగాయలు, పూల తోటలే ఆధారం. పెద్ద ఫ్యాక్టరీలు ఇక్కడికి రాకపోవడానికి కారణం మన పక్కనున్న నీళ్లే. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తర్వాత, 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, అదే మన గండిపేట, 1927లో ఈసీపై హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ నీరు చెడిపోకూడదని 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ నంబరు జీవో జారీ చేసింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర 84 గ్రామాలలో కాలుష్యం కలిగించే పరిశ్రమలు పెట్టరాదని నిషేధించింది. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆంక్షల సడలింపుకు పూనుకున్నది. దానిపై వాదోపవాదాలు చాలానే జరిగాయి.

కనుక ఫ్యాక్టరీ అంటే ఏమిటో మన పిల్లలు బస్సెక్కి వెళ్లి చూడవలసిందే. రేపు ఏదైనా పరిశ్రమ మన పొలం గట్టు దాకా వస్తే మంచిచెడ్డలు అడగగల తెలివి కూడా అలా చూసిన వారికే వస్తుంది.

బోధన్ చెప్పిన పాఠం

నిజామాబాద్ జిల్లా బోధన్ పక్కన షక్కర్‌నగర్‌లో 1937లో నిజాం చక్కెర కర్మాగారం వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా దానికి పేరు. ఒక పక్క నుంచి చెరకు లోపలికి పోతుంది, మరో పక్క నుంచి చక్కెర బస్తాలు బయటకు వస్తాయి. నడుమ జరిగేదే చూడముచ్చట. చెరకును నలిపి రసం తీస్తారు. సున్నం, గంధకపు పొగ పట్టించి మడ్డిని విడదీస్తారు. రసాన్ని చిక్కగా కాచి, గింజ కట్టించి, గిర్రున తిప్పి చక్కెరను వేరు చేస్తారు. మిగిలిన పిప్పినే బాయిలర్లలో మండిస్తారు. నూరు కిలోల చెరకుకు వచ్చే చక్కెర సుమారు పది కిలోలు. దీన్నే రికవరీ శాతం అంటారు. చెరకు ధరకూ ఈ శాతానికీ ముడి ఉంది. కాగితం మీద చదివితే తలకెక్కని ఈ మాట గానుగ పక్కన నిలబడి చూస్తే ఇట్టే బోధపడుతుంది.

ఆ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. అది నడిచిన రోజులలో వెళ్లి చూసిన వారికి జ్ఞాపకమైనా మిగిలింది. చూడని వారికి అదీ లేదు.

పాల లెక్క తెలియాలంటే

మన ప్రాంతం వారు ముందుగా చూడవలసింది డెయిరీ. పొద్దున్నే కేంద్రంలో పాలు పోస్తాం. చెంచాడు పాలు మిషనులో పెడితే రెండు అంకెలు వస్తాయి. ఒకటి వెన్న శాతం, రెండోది ఎస్.ఎన్.ఎఫ్., అంటే వెన్న పోగా మిగిలిన ఘనపదార్థాల శాతం. డబ్బులు వచ్చేది ఈ అంకెల మీదనే. అయినా వాటి వెనుక కథ తెలియక, “నిన్న ఆరు వచ్చింది, ఇయ్యాల అయిదే ఎందుకు?” అని గొణుక్కుంటూ ఇంటికి వస్తాం.

డెయిరీ పరీక్షశాలలో ఆ గుట్టు తెలుస్తుంది. గెర్బర్ పద్ధతిలో గాజు గొట్టంలో పాలకు ఘాటైన ఆమ్లం కలిపి గిర్రున తిప్పితే వెన్న పైకి తేలి గీతల మీద లెక్కకు దొరుకుతుంది. పాలు కదలకుండా ఉంటే మీగడ పైకి చేరుతుంది. కనుక క్యాను బాగా కలిపిన తర్వాతే నమూనా తీయాలి. ఈ ఒక్క సంగతి తెలుసుకుని వచ్చినా బస్సు కిరాయి గిట్టినట్లే.

పాలను 72 డిగ్రీల వేడి వద్ద 15 సెకన్లు ఉంచి, వెంటనే 4 డిగ్రీలకు చల్లబరుస్తారు. ఇదే పాశ్చరైజేషన్. ఆపైన వెన్న శాతాన్ని సరిచేస్తారు. టోన్డ్ పాలలో 3 శాతం, స్టాండర్డ్ పాలలో 4.5 శాతం, ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం ఉండాలని నియమం. మన గేదె పాలు ఒక్కటే, ప్యాకెట్లు ఇన్ని రంగులలో ఎందుకన్న పిల్లల ప్రశ్నకు జవాబు ఇదే. తీసిన వెన్న నెయ్యిగా మారి వేరే ధరకు అమ్ముడుపోతుంది.

లాలాపేట విజయ డెయిరీ పేరు తెలియని పాడి రైతు ఉండడు. 2023లో మన రంగారెడ్డి జిల్లాలోనే, రావిర్యాలలో, కొత్త డెయిరీని ప్రారంభించారు. యంత్రాల రొద వద్దనుకునే వారికి భూదాన్ పోచంపల్లి ఉంది. నూలుకు ముడులు వేసి రంగులద్దే ఇక్కత్ పనిని అక్కడ మగ్గాల వద్దనే చూడవచ్చు.

లోకమంతా ఉన్న అలవాటే

ఇది కొత్త వింత కాదు. అమెరికాలో నయాగరా జలపాతం పక్కన 1901లో కట్టిన గోధుమ అటుకుల ఫ్యాక్టరీని చూడడానికి ఏటా లక్ష మంది వరకు వచ్చేవారు. హెర్షీ చాకొలేటు ఫ్యాక్టరీకి జనం తాకిడి తట్టుకోలేక 1973లో సందర్శకుల కోసం వేరే భవనమే కట్టారు. జపాన్‌లో బడి పిల్లలను కార్ల ఫ్యాక్టరీలకు తీసుకువెళ్లడం చదువులో భాగం. అంత దూరం ఎందుకు? 1946లో పాల రైతుల సహకార సంఘం పుట్టిన గుజరాత్‌లోని ఆనంద్‌లో అమూల్ డెయిరీని చూసేందుకు దేశం నలుమూలల నుంచి రైతులు వెళ్తుంటారు.

వెళ్లేముందు

ఊరికే గేటు ముందు నిలబడితే లోపలికి రానివ్వరు. బడి ప్రధానోపాధ్యాయుడో, మహిళా సంఘమో, పాల సంఘమో ముందుగా లేఖ రాసి, ఎందరు వస్తున్నారో తెలిపి అనుమతి తీసుకోవాలి. యంత్రాల వద్ద చెంగులు, చున్నీలు వేలాడకుండా చూసుకోవాలి. కాళ్లకు బూట్లు ఉంటే మేలు. తినే వస్తువులు చేసే చోట తలకు టోపీ పెట్టుకోవాలి. ఫొటోలు అడగకుండా తీయరాదు.

ప్రతివారూ రెండు ప్రశ్నలు అడిగి రావాలి. ఒకటి, “ఈ ఫ్యాక్టరీకి నీరు ఎక్కడి నుంచి వస్తున్నది?” రెండు, “వాడిన నీరు ఎక్కడికి పోతున్నది?” పటాన్‌చెరు వైపు పరిశ్రమల వ్యర్థాలతో నక్కవాగు, చుట్టుపక్కల బావులు చెడిపోయి, ఆ రైతుల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండు జలాశయాల ఒడిలో ఉన్న మనం ఈ ప్రశ్నలు మరువరాదు. మంచి యాజమాన్యమైతే నీటి శుద్ధి విభాగాన్ని కూడా చూపిస్తుంది. చూపించకపోతే అదీ ఒక జవాబే.

ఈ విద్యా సంవత్సరంలో ప్రతి ఉన్నత పాఠశాల కనీసం ఒక పరిశ్రమ యాత్ర ఏర్పాటు చేయాలి. బస్సులో నాలుగు సీట్లు పాలు పోసే అవ్వలకు, అక్కలకు కేటాయించాలి. మనుమడు అంకెలు చదువుతాడు, అవ్వ పాలను చూసి చెబుతుంది. ఇద్దరూ కలిసి వెళితేనే ఆ రోజు లెక్క సరిపోతుంది.