రొమ్ము క్యాన్సర్‌ను పట్టే ‘జెనెటిక్ అల్గారిథమ్’: 97 శాతం కచ్చితత్వం అంటే ఎంత నమ్మొచ్చు?

‘రొమ్ము క్యాన్సర్‌ను 97 శాతం కచ్చితత్వంతో గుర్తించే కంప్యూటర్ ప్రోగ్రామ్’... ఇలాంటి శీర్షికలు ఫోన్‌లో తరచూ కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో కొన్నింటి వెనక ఉండేది ఎవల్యూషనరీ అల్గారిథమ్ అనే పద్ధతి. పేరు కొత్తగా అనిపించినా విషయం పాతదే. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీకి చెందిన జాన్ హాలండ్ 1975లోనే దీనిపై పుస్తకం రాశారు. ఇందులో బాగా వాడుకలో ఉన్న రకం జెనెటిక్ అల్గారిథమ్. పేరు చూసి ఇది మన జన్యువులను పరీక్షిస్తుందని అనుకోవద్దు. బ్రాకా జన్యు పరీక్షకూ దీనికీ సంబంధం లేదు.

ఇంతకీ ఏం చేస్తుంది?

ఈ రంగంలో పరిశోధకులు ఎక్కువగా వాడే డేటా విస్కాన్సిన్ యూనివర్సిటీ సర్జన్ విలియం వోల్బర్గ్ సేకరించింది. రొమ్ములో గడ్డ ఉన్నవారి నుంచి సన్నని సూదితో కణాలు తీసి, మైక్రోస్కోప్ కింద వాటి కేంద్రకాలను కొలిచారు. కేంద్రకం ఎంత పెద్దది, అంచు నున్నగా ఉందా, ఎక్కడైనా లోపలికి నొక్కుకుపోయిందా... ఇలా ఒక్కో నమూనాకు 30 కొలతలు. మొత్తం 569 నమూనాల్లో 212 క్యాన్సర్‌వి, 357 కానివి.

ఆ 30 కొలతల్లో నిజంగా పనికొచ్చేవి ఏవి? ఒక్కోదాన్ని ఉంచడమా, తీసేయడమా అని చూస్తూ పోతే 107 కోట్లకు పైగా కాంబినేషన్లు వస్తాయి. అన్నీ పరీక్షించడం చాలా పెద్ద పని. అందుకే జెనెటిక్ అల్గారిథమ్ ముందు ఏదో ఒక వంద కాంబినేషన్లను గుడ్డిగా తీసుకుంటుంది. ఒక్కోటీ క్యాన్సర్‌ను ఎంత బాగా పసిగడుతోందో చూసి మార్కులు వేస్తుంది. మంచి కంకుల్ని ఏరి విత్తనానికి దాచుకునే రైతులాగా, ఎక్కువ మార్కులు వచ్చినవాటిని మాత్రమే ఉంచుతుంది. వాటిని జతలు కట్టి, దీనిలో కొంత, దానిలో కొంత కలిపి కొత్త తరాన్ని పుట్టిస్తుంది. మధ్యమధ్యలో ఒకటో రెండో మార్పులు ఊరికే చేస్తుంది. ఇలా కొన్ని పదుల తరాలు గడిచేసరికి మిగిలేవి గట్టి కాంబినేషన్లు.

1999లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కార్లోస్ పెన్యా, మోషే సిప్పర్ ఇదే పద్ధతిని వోల్బర్గ్ సేకరించిన మరో డేటాపై ప్రయోగించారు. అందులో కొలతలు తొమ్మిదే. కచ్చితత్వం 97 శాతం దాటింది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. వాళ్లకు దొరికిన సమాధానం ‘ఇది ఇలా ఉండి, అది అలా ఉంటే క్యాన్సర్ కాదు’ తరహాలో మనిషి చదవగలిగే కొద్దిపాటి నియమాలు. ఎందుకలా తేల్చిందో డాక్టర్ చూసుకోవచ్చు. ఇప్పటి డీప్ లెర్నింగ్ ఏఐలో ఆ వెసులుబాటు చాలా తక్కువ.

మార్కులు వేసేది ఎవరు?

అసలు మెలిక ఇక్కడే ఉంది. స్క్రీనింగ్‌కు వెయ్యి మంది వచ్చారనుకుందాం. వారిలో ఆరుగురికి క్యాన్సర్ ఉంది. ఎవరినీ చూడకుండా ‘ఎవరికీ క్యాన్సర్ లేదు’ అని చెప్పే ప్రోగ్రామ్‌కు కూడా 99.4 శాతం కచ్చితత్వం వస్తుంది! కానీ ఆ ఆరుగురూ ఇంటికి వెళ్లిపోతారు. కచ్చితత్వానికి మాత్రమే మార్కులిస్తే అల్గారిథమ్ తరతరానికీ ఈ దారిలోకే జారిపోగలదు. అందుకే ఒక క్యాన్సర్‌ను వదిలేయడానికి ఎన్ని మార్కులు కోయాలి, లేని క్యాన్సర్ ఉందని భయపెట్టడానికి ఎన్ని కోయాలి అన్నది మనుషులే నిర్ణయించాలి. అది లెక్క కన్నా ఎక్కువగా వైద్యపరమైన తీర్పు. వార్తల్లో ‘97 శాతం’ కనిపిస్తే, ఎన్ని క్యాన్సర్లు తప్పిపోయాయి, ఎందరిని అనవసరంగా బయాప్సీకి పంపారు అన్న రెండు అంకెలు వెతకండి. అవి లేకపోతే ఆ వార్తకు పెద్దగా విలువ లేదు.

ఇంకో సంగతి. వోల్బర్గ్ డేటాలో ఉన్నవాళ్లందరికీ అప్పటికే గడ్డ ఉంది. గడ్డ ఏమిటో తేల్చడం వేరు, ఏ లక్షణమూ లేనివారిలో ముందే పట్టడం వేరు. రెండోదానికి పెద్ద ఎత్తున ప్రయోగాలు కావాలి. స్వీడన్‌లో 80 వేల మందికి పైగా మహిళలపై చేసిన మసాయ్ ట్రయల్ అలాంటిది. 2023లో వచ్చిన ఫలితాల ప్రకారం ఏఐ సాయంతో మామోగ్రామ్‌లు చూసినప్పుడు వెయ్యి మందిలో 6.1 క్యాన్సర్లు దొరికాయి, ఏఐ లేకుండా 5.1. డాక్టర్లకు మామోగ్రామ్‌లు చదివే పని 44 శాతం తగ్గింది. అందులో వాడింది డీప్ లెర్నింగ్, జెనెటిక్ అల్గారిథమ్ కాదు. చివరి మాట మాత్రం అక్కడ కూడా రేడియాలజిస్టుదే.

మన దగ్గర పరిస్థితి

మన జాతీయ కార్యక్రమంలో అందరికీ మామోగ్రామ్ లేదు. 30 ఏళ్లు దాటిన మహిళలకు ఐదేళ్లకోసారి శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది చేత్తో చేసే పరీక్ష ఉంది. దీన్ని తీసిపారేయొద్దు. ముంబయిలో టాటా మెమోరియల్ లక్షన్నర మంది మహిళలపై 20 ఏళ్లు చేసిన అధ్యయనం 2021లో వెలువడింది. ఈ పరీక్ష వల్ల జబ్బు ముదరకముందే దొరికిందని, 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు 30 శాతం దాకా తగ్గాయని అందులో తేలింది. అంతకన్నా చిన్న వయసువారిలో అలాంటి తగ్గుదల కనిపించలేదు. సమస్యల్లా వచ్చేవాళ్లు లేకపోవడమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం 30-49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఒక్కరు కూడా లేరు.

అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో పెట్టే ‘ఏఐ స్క్రీనింగ్’ క్యాంపులకు వెళ్తే అది మామోగ్రామా, అల్ట్రాసౌండా, వేడిని కొలిచే థర్మల్ కెమెరానా అని ముందే అడగండి. థర్మల్ స్కాన్ మామోగ్రామ్‌కు ప్రత్యామ్నాయం కాదని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. రిపోర్టులో ‘నార్మల్’ అని వచ్చినా, గడ్డ చేతికి తగులుతుంటే, చర్మం సొట్టపడితే, చనుమొన నుంచి రక్తం వస్తుంటే డాక్టర్‌ను కలవాల్సిందే. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, క్యాన్సర్ గడ్డల్లో చాలావాటికి మొదట్లో నొప్పి ఉండదు.

చేత్తో చేసే పరీక్ష కోసం దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడగండి. అనుమానం ఉంటే అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రాసిస్తారు. క్యాన్సర్ అని తేలితే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హులకు చికిత్స ఖర్చు వర్తిస్తుంది. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, విశాఖలో అగనంపూడి దగ్గరి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలోనివే. వెళ్లేటప్పుడు పాత స్కాన్‌లు, ఏఐ రిపోర్టు ఉంటే అది కూడా వెంట తీసుకెళ్లండి.