రక్తనాళంలోకి గాలి చేరితే...

సెలైన్ గొట్టంలో చిన్న బుడగ కనబడగానే రోగి బంధువులు కంగారుపడతారు. నర్సును పిలవడం మంచిదే. అయితే అలాంటి ఒకటి రెండు బుడగలు సాధారణంగా హాని చేయవు. ఊపిరితిత్తులకు చేరి అక్కడే తొలగిపోతాయి. ఎక్కువ గాలి ఒక్కసారిగా సిరలోకి వెళ్లడమే అసలు ప్రమాదం. దీనినే 'ఎయిర్ ఎంబాలిజం' అంటారు.

ఎలా జరుగుతుంది?

ఆపరేషన్ చేసే చోటు గుండె కంటే ఎత్తులో ఉంటే, తెగిన సిర రక్తం కార్చడానికి బదులు గాలిని లోపలికి పీల్చుకోవచ్చు. రోగిని కూర్చోబెట్టి చేసే మెదడు ఆపరేషన్లలో ఈ భయం ఎక్కువ. సిజేరియన్‌లో, మెడ సిరలో గొట్టం వేసేటప్పుడు, తీసేటప్పుడు కూడా జరగవచ్చు.

ఆ గాలి గుండె కుడి భాగంలో చేరి, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లకుండా అడ్డుపడుతుంది. పెద్దవారిలో 200 నుండి 300 మిల్లీలీటర్ల గాలి వేగంగా చేరితే ప్రాణం పోవచ్చు. సుమారు నలుగురిలో ఒకరికి గుండె పైగదుల మధ్య పుట్టుకతో ఉన్న సందు పూర్తిగా మూసుకోదు. అలాంటివారిలో తక్కువ గాలి కూడా మెదడుకు చేరి పక్షవాతం తేవచ్చు.

డాక్టర్లు ఏం చేస్తారు?

మత్తులో ఉన్న రోగి తన బాధ చెప్పలేడు. అందుకే మత్తు డాక్టరు అతడు విడిచే శ్వాసలోని కార్బన్ డయాక్సైడ్‌ను యంత్రంలో చూస్తూ ఉంటారు. అది హఠాత్తుగా పడిపోతే అనుమానించాలి. సర్జన్ వెంటనే గాయాన్ని సెలైన్‌తో నింపుతారు. గాయం గుండె కంటే దిగువకు వచ్చేలా బల్ల వంచుతారు. నైట్రస్ ఆక్సైడ్ బుడగను పెంచుతుంది కనుక దానిని ఆపి, పూర్తి ఆక్సిజన్ ఇస్తారు. గుండె దగ్గరి వరకు గొట్టం ఉంటే, దాని గుండా గాలిని వెనక్కి లాగుతారు.

మీరు చేయవలసినవి

* గుండెలో రంధ్రం ఉందని ఎప్పుడైనా చెప్పి ఉంటే, ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు తెలపండి.
* మెడ గొట్టం మూతలను మీరు విప్పవద్దు.
* ఆ గొట్టం తీసేటప్పుడు నర్సు పడుకోమంటే పడుకోండి, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టండి. తీసిన వెంటనే లేచి నడవవద్దు.
* గొట్టం ఊడితే ఆ చోటును గట్టిగా నొక్కి పట్టి, రోగిని పడుకోబెట్టి కేక వేయండి.
* హఠాత్తుగా ఆయాసం, ఛాతీనొప్పి, మగత వస్తే క్షణం ఆలస్యం చేయవద్దు.

మన వైద్య బృందం ప్రార్థనతో ఆపరేషన్ మొదలుపెడుతుంది, ముగిసేవరకు మెలకువగా కనిపెట్టి ఉంటుంది. ప్రార్థన, జాగ్రత్త రెండూ దేవుడు మనకు అప్పగించినవే. వార్డులో ఆ జాగ్రత్త మీ వంతు కూడా.