గర్భస్థ పిండమునకు రూపమిచ్చు హార్మోనులు

క్షీరదముల పిండమునందు తొలుత స్త్రీపురుష భేదము లేక, గర్భాశయమునకు మూలమగు ముల్లేరియన్ నాళములును, శుక్రవాహికలకు మూలమగు వోల్ఫియన్ నాళములును ప్రక్కప్రక్కనే యుండును. 1947లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ జోస్ట్, తల్లి కుందేలు గర్భమునందే యున్న మగ పిండముల వృషణములను తగిన తరుణమున తొలగించి చూడగా, అవి స్త్రీ జననాంగములనే సంతరించుకొనెను. అట్టి పిండములకు వృషణ హార్మోనగు టెస్టోస్టెరోన్ నందించినపుడు వోల్ఫియన్ నాళములు నిలిచెను గాని ముల్లేరియన్ నాళములు నశింపలేదు. కావున వృషణము మరియొక స్రావమునుగూడ వెలువరించుచుండవలెనని యాయన నిశ్చయించెను. ఎంత సూక్ష్మమైన తర్కము! ఆ రెండవది వృషణమునందలి సెర్టోలి కణములు తయారుచేయు ప్రోటీనే యని తరువాత తేలినది. ఇక టెస్టోస్టెరోన్ పనిచేయు విధమిది: అది కణములోనికి చొచ్చి, గ్రాహక ప్రోటీనుతో గూడి, కేంద్రకమునందలి జన్యువులను ప్రేరేపించి, ఏ ప్రోటీను ఎంత తయారు కావలెనో శాసించును. ఆ గ్రాహకము పనిచేయనిచో, హార్మోను పుష్కలముగా నున్నను, బాహ్యాంగములు స్త్రీరూపమునే దాల్చును.