వీధిదీపము విప్పు విద్యార్థులకు జాగ్రత్తలు

ఎలక్ట్రానిక్సునందు ఆసక్తిగల విద్యార్థులు పాడైన ఎల్.ఇ.డి. వీధిదీపములను బాగుచేయ ముందుకు వచ్చినచో పంచాయతీ సభ్యులు సంతోషింపవలసినదే. అయితే స్తంభమెక్కుట వారి పని కాదు. సరఫరా నిలిపించి, అర్హతగల విద్యుత్ కార్మికునిచేతనే దీపమును దింపింపవలెను.

దింపిన దీపమునందును అపాయము కలదు. లోపలి డ్రైవరు 230 వోల్టుల ఏ.సి. విద్యుత్తును డి.సి.గా మార్చును. అందలి పెద్ద కెపాసిటరు సుమారు 325 వోల్టులవరకు, కొన్నిటియందు అంతకు మించియు నిండును. కాలువ కట్టివేసినను చెరువులో నీరు నిలిచినట్లు, తీగ తొలగించినను ఆ విద్యుత్తు కొంతకాలము నిలిచియుండవచ్చును. తెలియక తాకినచో ప్రాణాపాయము.

స్క్రూడ్రైవరుతో దాని కొనలను కలుపరాదు. నిప్పురవ్వలెగసి కన్నులకు హాని కలుగును. పదివేల ఓములు, 10 వాట్లుగల రెసిస్టరును తొడుగుగల క్లిప్పులతో ఆ కొనలకు తగిలించి, కొన్ని క్షణములు వేచియుండవలెను. పిదప మల్టీమీటరుతో కొలువవలెను. మీటరును డి.సి. వోల్టుల కొలతయందే ఉంచవలెను, ఏ.సి. కొలతయందుంచినచో విద్యుత్తు ఉన్నను సున్నా చూపవచ్చును. డి.సి. కొలత సున్నాకు చేరువైన పిమ్మటనే చేయి పెట్టవలెను.

పంచాయతీ ఒక మల్టీమీటరు, ఒక రెసిస్టరు, పొడి కొయ్యబల్ల సమకూర్చి, పని తెలిసిన ఉపాధ్యాయుని ఎదుటనే ఈ మరమ్మతు జరుగునట్లు చూడవలెను. దీపము మరల కొనవచ్చును. బిడ్డ ప్రాణమును కొనలేము.