మూటాముల్లె సర్దేముందు...

బీరువా, రెండు మంచాలు, ఫ్రిజ్, వాషింగ్‌మెషిన్, పిల్లల పుస్తకాలు, మూడు బస్తాల బియ్యం, ఏడాదికి సరిపడా ఆవకాయ జాడీ, నాయనమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గుండిగ... ఇంట్లో ఉన్నంతకాలం ఇవేవీ కంటికి ఆనవు. ఇల్లు మారాలనేసరికి మాత్రం 'ఇంత సామాను ఎప్పుడు పోగయిందిరా దేవుడా!' అనిపిస్తుంది.

వైరాలో అద్దెకుండే ఉద్యోగుల కుటుంబాలకు ఈ గుబులు బాగా తెలుసు. ఖమ్మం నుంచి కొత్తగూడెం, సత్తుపల్లి వైపు వెళ్లే దారిలో ఉన్న ఊరిది. బదిలీ కాగితం వస్తే అటు ఖమ్మమైనా వెళ్లాలి, ఇటు భద్రాచలం అడవి దాకా అయినా వెళ్లాలి. 2016 అక్టోబరు 11న పాత ఖమ్మం జిల్లా నుంచి భద్రాద్రి కొత్తగూడెం విడిపోయింది. వైరా ఖమ్మంలోనే ఉండిపోయింది. ఆ తర్వాత 2021 డిసెంబరు 6న వచ్చిన జీవో 317 ఉద్యోగులను సీనియారిటీ లెక్కన కొత్త జిల్లాలకు పంచింది. భర్తకు ఒక జిల్లా, భార్యకు మరో జిల్లా పడ్డ ఇళ్లలో అసలు ప్రశ్న లారీ కిరాయి కాదు. ఇల్లు ఎవరి ఉద్యోగం వైపు కదలాలి? పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి? పెద్దవాళ్లను ఎవరు చూసుకోవాలి? ఆ లెక్క తేలాకే సామాను సంగతి!

హమాలీలా... కంపెనీయా?

వైరా నుంచి ఖమ్మం పాతిక కిలోమీటర్ల లోపే. అంత దగ్గరికి, పెద్దగా సామాను లేని ఇంటికి ప్యాకర్స్ అండ్ మూవర్స్ అనవసరమే అనాలి. ఓ డీసీఎం వ్యాను, నలుగురు హమాలీలు, ఇంటివాళ్లు కట్టుకున్న అట్టపెట్టెలు... పొద్దున ఎక్కిస్తే మధ్యాహ్నానికి దింపేయొచ్చు. హైదరాబాదుకో, విశాఖకో అయితే సంగతి వేరు. అపార్టుమెంట్లో నాలుగో అంతస్తు, లిఫ్టులో సామాను ఎక్కించొద్దనే వాచ్‌మన్, పగటిపూట పెద్ద లారీలను రానివ్వని నగరం రోడ్లు... వీటన్నిటితో వేగాలంటే అలవాటైన చేతులే కావాలి. ఇంట్లో పసిపిల్లలో, మంచం మీద ఉన్న పెద్దవాళ్లో ఉంటే ఆ ఖర్చు దండగ కాదు.

అయితే 'అన్నీ వాళ్లే చూసుకుంటారు' అన్న ధీమా వద్దు. మంచి సంస్థ ముందు మనిషిని పంపి గది గదీ చూపించమంటుంది. లేదంటే వీడియో కాల్‌లో చూస్తుంది. అటక మీదవీ, మేడ మీదవీ, పెరట్లోవీ అన్నీ అప్పుడే చూపించాలి. 'ఇవి చెప్పలేదుగా!' అన్న మాటతోనే ఎక్కించే రోజు పేచీ మొదలవుతుంది. ఫోన్‌లో నాలుగు మాటలు విని రేటు చెప్పేసి, వెంటనే అడ్వాన్సు పంపమనే వాళ్లకు దూరంగా ఉండటం మేలు. తక్కువకు ఒప్పుకొని, లోడు ఎక్కాక దారిలో బండి ఆపి ఇంకో పదివేలు ఇస్తేనే కదులుతామనడం ఈ వ్యాపారంలో పాత మోసమే. పేరున్న కంపెనీల పేర్లకు అటూ ఇటూ ఓ అక్షరం మార్చి బోర్డు పెట్టేవాళ్లూ ఉన్నారు. కొటేషన్ మీద జీఎస్టీ నంబరు ఉంటే దాన్ని జీఎస్టీ పోర్టల్లో కొట్టి చూడండి, అది ఎవరి పేరున ఉందో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. తెలంగాణలో నమోదైనదైతే 36తో మొదలవుతుంది.

కొటేషన్లో చూడాల్సింది మొత్తం ఒక్కటే కాదు. ప్యాకింగు, ఎక్కింపు, కిరాయి, దింపుడు, మెట్ల మీద మోత, జీఎస్టీ... ఏవి కలిశాయి, ఏవి విడిగా? బండి మన ఒక్కరికేనా, లేక మరో ఇంటి సామాను కూడా ఎక్కిస్తారా? రెండోదైతే ఖర్చు తగ్గుతుంది కానీ, సామాను చేరే రోజు మన చేతుల్లో ఉండదు. ఇవన్నీ కాగితం మీద ఉండాలి. నోటిమాట లారీ కదిలేదాకే!

పగిలితే ఎవరి పూచీ?

రోడ్డు రవాణాకు 1865 నాటి చట్టం స్థానంలో 2007లో కొత్త చట్టం వచ్చింది. 2011 మార్చి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం సామాను తీసుకున్న రవాణాదారు రసీదు ఇవ్వాలి. పోయినా, పాడైనా కోర్టుకు వెళ్లేముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, అదీ బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా. ఇక్కడే ఓ మెలిక ఉంది. ఎక్కువ పూచీకి ఎక్కువ రేటు కట్టకపోతే, వాళ్ల బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లకు మించదు. విలువైన సామానుంటే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకుని, పాలసీ కాగితం అడిగి తీసుకోండి. 'ఇన్సూరెన్స్ ఉందిలెండి సార్' అంటే చాలదు.

కట్టకముందే టీవీకీ, ఫ్రిజ్‌కీ, బీరువాకీ సెల్‌ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. పెట్టెలకు నంబర్లు వేసి, ఎందులో ఏముందో ఓ నోటుపుస్తకంలో రాసుకోవాలి. దిగాక అన్నీ చూసుకోకుండా 'అంతా సవ్యంగా అందింది' అన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. విరిగింది ఉంటే ఆ కాగితం మీదే రాయాలి. అప్పటికీ దారికి రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. 2019 చట్టం వచ్చాక మనం ఉన్న చోటి జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఊరికి పరుగెత్తక్కర్లేదు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు.

అడవి దారిలో...

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. ఒకటి టేకు. వాడుకున్న ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. కానీ ఎప్పటికైనా ఇల్లు కట్టినప్పుడు పనికొస్తాయని దాచుకున్న టేకు దూలాలు, పలకలు అలాంటివి కావు. కలపను తరలించాలంటే అటవీ శాఖ పర్మిట్ కావాలి. మంచాల మధ్య నాలుగు పలకలు దోపితే చెక్‌పోస్టు దగ్గర మొత్తం లోడు ఆగిపోతుంది. రెండోది గోదావరి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అటువైపు వెళ్లేవాళ్లు జులై, ఆగస్టుల్లో ముహూర్తంతోపాటు వరద కబురూ చూసుకోవాలి. ఆషాఢంలో ఇల్లు మారం కదా, శ్రావణం రాగానే అందరూ ఒక్కసారే బయల్దేరతారు. బండ్లకు గిరాకీ, వరద భయం రెండూ అప్పుడే! పట్టింపు లేనివాళ్లు ఆషాఢంలోనే బేరమాడి చూడొచ్చు.

ఫ్రిజ్‌ను ముందురోజే ఆపి, ఖాళీ చేసి ఆరబెట్టాలి. నిలువుగానే తీసుకెళ్లమనాలి, దించిన వెంటనే స్విచ్ వేయకూడదు. బైకులో పెట్రోలు తీసేయాలి. పచ్చడి జాడీల మూతికి గుడ్డ కట్టి, పైన ప్లాస్టిక్ కవరు బిగించి, కుదిరితే కార్లో కాళ్ల దగ్గర పెట్టుకోవడమే క్షేమం. కంపెనీ వాళ్లు నూనె ఒలికే వాటిని చాలావరకు ఒప్పుకోరు కూడా. బంగారం, సర్టిఫికెట్లు, పట్టాదారు పాస్‌పుస్తకాలు, పిల్లల టీసీలు, మందులు చేతిసంచిలోనే ఉండాలి.

గ్యాస్ సిలిండర్ లారీ ఎక్కించొద్దు. దూరపు ఊరికి మారుతుంటే సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీకి అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, ట్రాన్స్‌ఫర్ వోచర్ అడగాలి. కొత్త ఊళ్లో ఆ వోచర్ చూపించి అక్కడి డిపాజిట్ కడితే కనెక్షన్ ఇస్తారు. ఓటు మార్పుకు ఫారం-8 ఉంది, అది తర్వాతైనా ఫర్వాలేదు.

ఇంతకీ కొత్తింట్లో మొదట పాలు పొంగించాలిగా! గ్యాస్ ఇంకా రాదు, సామాను దారిలో ఉంటుంది. చిన్న కరెంటు పొయ్యి, ఆ పొయ్యికి సరిపడే గిన్నె, దేవుడి పటం, అగ్గిపెట్టె... ఈ సంచీని మాత్రం ప్యాకింగు కుర్రాళ్లకు కనపడకుండా ముందే కారెక్కించండి. వాళ్లు కంటికి కనిపించిందల్లా కట్టేస్తారు!